నడిసముద్రంలో ఓడ చుక్క గంటల తరబడి ఎందుకు మాయమవుతుంది?

కెరటం22:
ఓడల లైవ్ మ్యాప్ చూడటం ఈ మధ్య అలవాటైంది. తీరం దగ్గర చుక్కలు చకచకా కదులుతాయి, అదే ఓడ లోపలికి వెళ్లాక ఒక్కోసారి గంటల పాటు అప్‌డేట్ ఉండదు, తర్వాత ఎక్కడో తేలుతుంది. పైన ఇన్ని చిన్న ఉపగ్రహాలు తిరుగుతున్నాయి కదా, సిగ్నల్ అంత పైకి అందట్లేదా?

రేడియో_పిచ్చోడు:
అందుతుంది. అసలు గొడవ ఎక్కువ అందడమే. ఏఐఎస్ (ఓడ తనెవరో, ఎక్కడుందో రేడియోలో చెప్తూ ఉండే పద్ధతి, మ్యాప్‌లో చుక్కలు దాన్నుంచే) పుట్టింది ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, ఉపగ్రహాల కోసం కాదు. రెండు వీహెచ్ఎఫ్ రేడియో ఛానళ్లు, ఒక్కోదాంట్లో నిమిషానికి 2250 స్లాట్లు (సందేశం పంపడానికి చిన్న చిన్న సమయపు ముక్కలు), ఎవరు ఏ స్లాట్‌లో మాట్లాడాలో దగ్గర్లో ఉన్న ఓడలు వాటిలో అవే సర్దుకుంటాయి. కానీ 600 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహానికి 5000 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న ప్రాంతం ఒకేసారి వినిపిస్తుంది. ఒకరి ఊసు ఒకరికి తెలియని ఓడల గుంపులు అదే స్లాట్‌లో పంపిస్తే పైన రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. అందుకే రద్దీ సముద్రాల్లోనే ఎక్కువ మాయమవుతాయి. ఒక్క చోటే వినేలా యాంటెన్నా పెట్టొచ్చుగా అంటారేమో, ఆ తరంగం పొడవే దాదాపు 1.85 మీటర్లు, యాంటెన్నా దానికి తగ్గట్టు పెద్దదవ్వాలి, 20 సెంటీమీటర్ల డబ్బా లాంటి చిన్న ఉపగ్రహానికి అలాంటిది తగిలించడం మాటలు కాదు.

సాగర్_ఎమ్:
పై జవాబు కరెక్టే. ఇంకోటి, ఉపగ్రహాలు తక్కువుంటే ఒకటి దాటిపోయి ఇంకోటి వచ్చేదాకా ఖాళీయే. నార్వే వాళ్ల ఏఐఎస్‌శాట్-1 బరువు 6 కిలోలే, 2010 జులైలో మన పీఎస్ఎల్‌వీ-సీ15 మీదే వెళ్లింది. నార్వే చుట్టూ ఉన్న ఉత్తర సముద్రాల్లో రద్దీ తక్కువ కాబట్టి అక్కడ బాగానే పనిచేసింది. తర్వాత ఉపగ్రహాల కోసమే మెసేజ్ 27 అని పొట్టి సందేశం పెట్టారు, వేరే ఛానళ్లలో 3 నిమిషాలకోసారి వెళ్తుంది.

కెరటం22:
ఓహో. మరి కావాలనే ఆపేస్తే?

రేడియో_పిచ్చోడు:
ఆపేసిన ప్రతివాడూ దొంగ కాదు, దాడి భయం ఉన్నచోట కెప్టెన్ ఆపొచ్చని నిబంధనలే చెప్తాయి. మిగతావాళ్లని పట్టడానికి రాడార్ ఉపగ్రహాలున్నాయి, మబ్బులున్నా రాత్రయినా ఇనుప ఓడ మెరిసే చుక్కలా కనిపిస్తుంది, పేరు మాత్రం తెలీదు. హాక్‌ఐ 360 అనే అమెరికా కంపెనీ వాళ్లు మూడేసి చిన్న ఉపగ్రహాల్ని గుంపుగా తిప్పుతారు, ఏఐఎస్ ఆపినా ఓడ రాడార్ ఆన్‌లో ఉంటే ఆ తరంగాల్ని బట్టి చోటు లెక్కగడతారు. నాకైతే ఆపేసేవాళ్ల కంటే తప్పుడు లొకేషన్ పంపేవాళ్లే పెద్ద తలనొప్పి, మ్యాప్‌లో చుక్క చక్కగా కదులుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానమే రాదు.