కొబ్బరి మొవ్వు కొరికే కొమ్ము పురుగు: మందు చెట్టుకి వెయ్యాలా, పెంటకుప్పకి వెయ్యాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల కొబ్బరి మొక్కలు ఎకరంన్నర ఉన్నాయి, పక్కనే నాన్నగారు వేసిన పాత తోట. చిన్న మొక్కల్లో కొత్తగా విచ్చుకున్న మట్టలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు తెగిపోయి వస్తున్నాయి. చూసినవాళ్లు కొమ్ము పురుగే అన్నారు. షాపులో ఇచ్చిన మందు మొవ్వులో (చెట్టు నెత్తిన లేత ఆకులు ముడుచుకుని ఉండే చోట) పోశాం. అయినా తర్వాత విచ్చుకున్న ఆకు కూడా అలాగే వచ్చింది. మందు పనిచెయ్యలేదా, లేక పురుగు మళ్లీ వచ్చిందా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
మందు పనిచేసిందో లేదో ఆ ఆకుని చూసి చెప్పలేం తమ్ముడూ. కొబ్బరి ఆకు బయటికి రాకముందు చాలా నెలలు మొవ్వులో ముడుచుకునే ఉంటుంది, పురుగు కన్నం పెట్టేది అప్పుడే. ముడుచుకున్న ఆకుని ఒక్కచోట కొరికినా విచ్చుకున్నాక రెండు వైపులా అదే తెగుడు కనిపిస్తుంది. కాపు చెట్టుకి ఇంచుమించు నెలకో మట్ట వస్తుంది కదా, ఆ లెక్కన పైనుంచి మూడో మట్ట తెగి ఉందంటే ఆ దాడి జరిగి మూడు నెలలు దాటినట్టే. తెగిన ఆకు మళ్లీ అతుక్కోదు, ఎండి రాలేదాకా చెట్టు మీదే ఉంటుంది. అందుకని తెగిన మట్టలు లెక్కపెట్టుకుని భయపడకు. మొవ్వు మొదట్లో కన్నం, దాని దగ్గర నమిలి బయటికి తోసిన తడి పిప్పి ఉన్నాయేమో చూడు. పిప్పి తాజాగా ఉంటే పురుగు ఇప్పుడు లోపల ఉంది, ఇనుప కొక్కెంతో లాగి చంపు. లాగేటప్పుడు లేత మొవ్వుకి దెబ్బ తగలకూడదు. ఆ పని అలవాటున్న, చెట్టెక్కి కాయలు దింపే మనిషితో చేయిస్తే మంచిది.

అసలు సంగతి ఏంటంటే, ఈ పురుగు చెట్టు మీద ఉండేది దాని జీవితంలో చివరి దశలో మాత్రమే. మిగతాదంతా నేలమీద, కుళ్లే చెత్తలో. తల్లి పురుగు పెంటకుప్పలో, పుచ్చిన కొబ్బరి దుంగల్లో, కంపోస్టు గుంటల్లో గుడ్లు పెడుతుంది. ఒక్క తల్లి 140, 150 దాకా పెట్టగలదు. అవి 8 నుంచి 18 రోజుల్లో పిల్ల పురుగులవుతాయి. తెల్లగా లావుగా, గోధుమరంగు తలతో అర్ధచంద్రాకారంలో ముడుచుకుని ఉంటాయి, ఎరువు తోలేటప్పుడు నువ్వు చూసే ఉంటావు. ఇవి మూడు నుంచి ఆరు నెలలు ఆ కుప్పనే తింటూ పెరుగుతాయి, చెట్టు జోలికి రావు. తర్వాత అక్కడే గూడు కట్టుకుని 10 నుంచి 25 రోజులు కోశస్థ దశలో (రెక్కల పురుగుగా మారే దశ) ఉంటాయి. రెక్కలొచ్చాక కూడా కొన్నాళ్లు గూట్లోనే ఆగి, గట్టిపడి, అప్పుడు రాత్రిపూట ఎగిరి మొవ్వుల మీద పడతాయి. అలా వచ్చిన పెద్ద పురుగు మరో నాలుగు నుంచి తొమ్మిది నెలలు బతికి, తిని, మళ్లీ కుప్పకే వెళ్లి గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు చెప్పు, నీ తోట పక్కన పెంటకుప్ప ఉందా? పాత తోటలో పడిపోయిన చెట్ల దుంగలు అలాగే వదిలేశారా? పెద్ద తుఫాను తర్వాత నేను ముందు భయపడేది ఆ దుంగల గురించే. 1996 నవంబరు తుఫానుకి మన కోనసీమలో చెట్లు ఎలా కూలాయో పెద్దవాళ్లని అడుగు. అలా పడినవి తీసెయ్యకుండా కుళ్లనిస్తే తర్వాతి ఏడాది పురుగుని మనమే పెంచినట్టు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు:
ఉందండి, కుప్ప మొక్కల గట్టు పక్కనే. దుంగలు కూడా నాలుగైదు కాలువ గట్టున పడున్నాయి. ఆ కుప్ప మీద మందు కొట్టేస్తే సరిపోతుందా? అందులోనే ఒకటి తెల్లటి పురుగు కనిపించింది, అది ఎర్రముక్కు పురుగు పిల్లేమో అని భయంగా ఉంది.

జవాబు:
కుప్పలో కనిపించింది ఎర్రముక్కు పురుగు పిల్ల కాదు. ఎర్రముక్కు పిల్ల చెట్టు లోపలే పుట్టి కాండం తింటుంది, దానికి కాళ్లుండవు. కొమ్ము పురుగు పిల్లకి మూడు జతల కాళ్లు ఉంటాయి. కానీ నీ భయం ఉత్తినే కాదు. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి అక్కడ గుడ్లు పెడుతుంది, చెట్టుని చంపేది అదే. వానాకాలంలో మొవ్వుకుళ్లు కూడా ఆ గాయంలోంచే దిగొచ్చు. అందుకే దీన్ని ఆకులు తెగడమే కదా అని వదిలెయ్యకూడదు.

కుప్ప మీద రసాయన మందు నేను కొట్టనివ్వను. ఆ ఎరువు నీ భూమికే వెళ్తుంది కదా. ఈ పురుగుల్ని చంపే మెటారైజియం అనే శిలీంద్రం (బూజు లాంటిది) ఉంది, ప్యాకెట్ మీద రాసిన మోతాదు ప్రకారం కుప్ప తిరగేసి తడిపి కలుపు. తేమ ఉంటేనే పనిచేస్తుంది, వానాకాలం దీనికి మంచి అదను. పిల్ల పురుగులు గట్టిపడి చచ్చి, పైన ఆకుపచ్చ పొడి కడతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో జీవనియంత్రణ ల్యాబ్ ఉంది, దొరుకుతుందేమో అక్కడ కనుక్కో. కుప్ప తిరగేసినప్పుడు కోళ్లని వదిలితే కనబడ్డ పురుగులన్నీ ఏరుకు తింటాయి. దుంగలు చీల్చి పొయ్యిలోకి పంపు, లేదంటే తగలెయ్యి.

మొక్కలకి ఇది చెయ్యి: ఒక్కో మొక్కకి పావుకిలో వేపపిండి, పావుకిలో ఇసుక కలిపి మొవ్వు చుట్టూ ఉన్న పై మట్టల మొదళ్లలో పొయ్యి. మరీ చిన్న మొక్కలకైతే మట్ట మొదట్లో మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక కప్పితే చాలు, ఇది 45 రోజులకోసారి. కిలో ఆముదం పిండి ఐదు లీటర్ల నీళ్లలో నానబెట్టి కుండల్లో పోసి తోటలో అక్కడక్కడా పెట్టు, ఆ వాసనకి పెద్ద పురుగులు వచ్చి పడతాయి. లింగాకర్షక బుట్ట (పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేది) కడితే మాత్రం చిన్న మొక్కల మధ్య వద్దు. అది పక్క తోటల పురుగుల్ని కూడా పిలుస్తుంది, అవి బుట్టలో పడేలోపు నీ మొవ్వులు రుచి చూస్తాయి.

మరో సభ్యుడు, అశ్వారావుపేట నుంచి:
మాది ఆయిల్‌పామ్ అన్నా. ఫ్యాక్టరీ నుంచి ఖాళీ గెలలు తెచ్చి తోటలో కుప్పలు పోశాం. వాటిలోనూ ఈ పురుగు గుడ్లు పెడుతుందా?

జవాబు:
పెడుతుంది, కుళ్లిన గెలల కుప్ప అంటే దానికి చాలా ఇష్టం. చిన్న మొక్కలున్న తోటలో అసలు కుప్ప పొయ్యొద్దు. ఒకే వరసగా పల్చగా పరిచెయ్యి, త్వరగా ఎండి ఆరిపోతాయి. ఇప్పటికే పోసిన కుప్పలుంటే తవ్వి చూడు, పిల్ల పురుగులు దొరికితే ముందు వాటిని ఏరించాకే గెలలు పరుచు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు:
మెటారైజియం కలిపిన ఎరువు మొక్కలకి వెయ్యొచ్చా అండి?

జవాబు:
నిక్షేపంగా వెయ్యొచ్చు, మొక్కకి ఏమీ కాదు. బాగా చివికిన ఎరువే వెయ్యి, పచ్చి పేడ పాదుల్లో పోస్తే అక్కడే గుడ్లు పెడుతుంది. పక్క రైతుతో కూడా మాట్లాడు, ఆయన కుప్ప అలాగే ఉంటే వర్షాలు మొదలవగానే అక్కడి పురుగులు నీ మొక్కల మీదికే వస్తాయి.