సాస్కటూన్ పక్కన కార్మన్ పార్క్ ఆర్‌ఎంలో ఎకరేజ్: ఏ సేవ ఎవరిది?

ప్రశ్న – పచ్చికబయలు
కెనడాలో సాస్కటూన్ చుట్టూ ఉన్న కార్మన్ పార్క్ రూరల్ మునిసిపాలిటీ (ఆర్‌ఎం నం. 344)లో పదెకరాల ఎకరేజ్ (ఊరి బయట ఇల్లున్న స్థలం) చూస్తున్నాం. సిటీలో నీళ్లు, మురుగు, చెత్త అన్నీ సిటీవాళ్లే చూస్తారు. ఇక్కడ పన్ను కడితే ఏమొస్తాయి, ఏవి మనమే చూసుకోవాలి? ఆఫర్ పెట్టేముందు ఏం అడగాలి?

జవాబు – గ్రిడ్‌రోడ్డు
ఆర్‌ఎం అంటే మన పంచాయతీ లాంటిదేనండి. రీవ్‌ను సర్పంచ్ అనుకుంటే డివిజన్‌కొక కౌన్సిలర్ వార్డు మెంబరు. అక్కడి ముఖ్యమైన పని రోడ్లు: గ్రేడర్ తోలడం, గ్రావెల్ పోయడం, కల్వర్టులు, మంచు తీయడం. జోనింగ్, ఇంటి పర్మిట్లు, కలుపు మొక్కల తనిఖీ కూడా వాళ్లవే. ఆసుపత్రులు సాస్కచ్వాన్ హెల్త్ అథారిటీవి (2017 డిసెంబరులో 12 ప్రాంతీయ సంస్థలను కలిపి దీన్ని పెట్టారు). బడి స్కూల్ డివిజన్‌ది, కరెంటు సాస్క్‌పవర్‌ది, గ్యాస్ సాస్క్‌ఎనర్జీది. వీటి గురించి ఆర్‌ఎం ఆఫీసులో అడిగి లాభం లేదు. పోలీసుల విషయంలో మాత్రం కార్మన్ పార్క్ తీరు వేరు. చాలా ఆర్‌ఎంలు ఆర్‌సీఎంపీ (కెనడా జాతీయ పోలీసులు) మీదే ఆధారపడితే, దీనికి సొంత పోలీసు విభాగం ఉంది.

ఎవరికి ఫోన్ చేసినా ముందు లాండ్ లొకేషన్ అడుగుతారు. ‘ఎన్‌డబ్ల్యూ 14-38-5 డబ్ల్యూ3’ అంటే మూడో మెరిడియన్‌కు (ఉత్తర-దక్షిణ సర్వే గీత) పడమర, 5వ రేంజ్ (నిలువు వరస), 38వ టౌన్‌షిప్ (అడ్డ వరస), 14వ సెక్షన్‌లో వాయవ్య క్వార్టర్. సెక్షన్ 640 ఎకరాలు, క్వార్టర్ 160. రోడ్ల నంబర్లూ ఇందులోంచే వచ్చాయి. టౌన్‌షిప్ రోడ్ 384 అంటే 38వ టౌన్‌షిప్ దక్షిణపు హద్దు నుంచి ఉత్తరానికి 4 మైళ్లు. రేంజ్ రోడ్ 3055 అంటే మూడో మెరిడియన్, 05వ రేంజ్, దాని తూర్పు హద్దు నుంచి పడమరకు 5 మైళ్లు. ఇది ఇంట్లో పిల్లలతో సహా అందరికీ నోటికి రావాలి. 911కి ఫోన్ చేసినప్పుడు ‘ఎర్ర కప్పు ఇల్లు’ అంటే అంబులెన్సుకు దారి దొరకదు. సివిక్ అడ్రసు (ఇంటి నంబరు, రోడ్డు పేరు), లాండ్ లొకేషన్ రెండూ రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఇంకోటి, సాస్కటూన్, మార్టెన్స్‌విల్, వార్మన్, ఆస్లర్, కార్మన్ పార్క్ కలిసి పి4జి పేరుతో ఉమ్మడి ప్రణాళిక నడుపుతున్నాయి. మీ స్థలం ఆ పరిధిలో పడితే, ముందుముందు దాన్ని విడగొట్టే వీలుందో లేదో ఇప్పుడే ప్లానింగ్ విభాగంలో అడగండి.

జవాబు – బావినీళ్లు
అసలు ఖర్చంతా నీళ్లు, మురుగు దగ్గరే. నీళ్లు పైపులైనువా, బావివా, ట్యాంకరువా అని అడగండి. బావి అయితే రెజీనాలోని రాయ్ రొమనోవ్ ల్యాబ్‌లో బాక్టీరియా పరీక్ష ఒక్కటే చేయించి ఊరుకోవద్దు. నైట్రేట్, ఆర్సెనిక్, యురేనియం కూడా చూపించండి. నీళ్లు తేటగా, రుచిగా ఉన్నా ఇవి ఉండొచ్చు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి.

మురుగుకు చాలాచోట్ల రెండు గదుల సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. మొదటి గదిలో మడ్డి పేరుకుంటుంది, రెండో గదిలోని నీటిని పంపు బయటికి తోస్తుంది. పంపు ఆగాక పైపులో మిగిలిన నీరు వెనక్కి జారిపోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోతే నీరు పైపులోనే నిలిచి, జనవరిలో గడ్డకడుతుంది. నేలమీదికి చిమ్మే జెట్ పద్ధతికి హద్దుల నుంచి, బావుల నుంచి, ఇళ్ల నుంచి దూరాలు కుదరాలి. చిన్న స్థలంలో అది కుదరక మౌండ్ (మురుగునీరు ఇంకడానికి పోసే ఇసుక దిబ్బ) కట్టాల్సి వస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. అందుకే ఉన్న సిస్టమ్‌కు హెల్త్ అథారిటీ పర్మిట్ కాగితం అడిగి చూడండి.

మార్చి దాటాక రోడ్ల మీద బరువు ఆంక్షలు వస్తాయి. నేలలో గడ్డకట్టిన నీరు పైనుంచి కరుగుతుంది, కింది పొర గడ్డకట్టే ఉంటుంది. నీరు ఇంకే దారిలేక మధ్యలో నిలిచి రోడ్డు మెత్తబడుతుంది. ఆ వారాల్లో సెప్టిక్ లారీ, నీళ్ల ట్యాంకరు, గ్రావెల్ లారీ నిండు లోడుతో రాలేవు. సెప్టిక్ ట్యాంకు అంతకుముందే తోడించేయండి.

పచ్చికబయలు
అక్కడ పైపులైను ఉందంటున్నారు. అయినా ఇంట్లో సిస్టర్న్ (నీళ్లు నిల్వచేసే తొట్టి) ఎందుకు పెట్టారు?

బావినీళ్లు
చాలా గ్రామీణ లైన్లలో నీరు సన్నధారగానే వస్తుంది. స్నానం, బట్టల మిషన్ ఒకేసారి నడిస్తే చాలదు. రోజంతా సిస్టర్న్ నిండుతూ ఉంటుంది, ప్రెషర్ పంపు అందులోంచి లాగుతుంది. నెలకు ఎంత కోటా, కొత్త కనెక్షన్ దొరుకుతుందా అన్నవి ఆ నీటి సంస్థనే అడగండి.

జవాబు – మిల్‌రేటు
పన్ను లెక్క నేను చెప్తాను, అమ్మేవాళ్ల బిల్లు చూసి మోసపోవద్దు. ఇంటికి అంచనా విలువలో 80 శాతం మీద, సాగుభూమికి 55 శాతం మీద పన్ను. 5,00,000 డాలర్ల ఇల్లయితే 4,00,000 మీద. మిల్ రేటు (ప్రతి వెయ్యి డాలర్లకు పన్ను) లెక్క కోసం 4 అనుకుంటే 1,600 డాలర్లు. దాన్ని మళ్లీ ఆ తరగతి ఆస్తికి పెట్టిన ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. విద్యా పన్ను వేరు. దాని రేటు ప్రావిన్సు పెడుతుంది, వసూలు మాత్రం ఆర్‌ఎం చేస్తుంది. 2025 పునర్మూల్యాంకనానికి ఆధారం 2023 జనవరి 1 నాటి విలువ.

అమ్మేవాళ్లు రైతులై చుట్టూ భూమి ఉంటే, ఆ భూమి అంచనా విలువ మేరకు ఇంటికి మినహాయింపు వచ్చి ఉండొచ్చు. భూమి వాళ్లే ఉంచుకుని ఇల్లు మీకమ్మితే ఆ మినహాయింపు మీకు రాదు. మినహాయింపు లేకుండా ఎంతవుతుందో ఆఫీసులో అడిగి రాయించుకోండి.

జవాబు – గ్రిడ్‌రోడ్డు
ఫైరింజను సంగతి మరిచాను. ఆర్‌ఎంలు పక్క పట్టణాలతో ఒప్పందం చేసుకుంటాయి. ఇంజను వచ్చాక ఆ బిల్లు స్థల యజమానికి పంపే చోట్లున్నాయి. ఇంటి బీమాలో ఫైర్ డిపార్ట్‌మెంట్ ఛార్జీలకు ఎంత పరిమితి ఉందో చూసుకోండి. ఎండుగడ్డి కాల్చేముందు ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే పొగ చూసి ఎవరో 911కి చెప్తారు, ఇంజను వచ్చేస్తుంది. మీ డ్రైవ్‌వే మంచు తీయడం ఆర్‌ఎం పని కాదు. దాన్ని రోడ్డు మీదికి నెట్టినా ఒప్పుకోరు.