అమెరికా మీద కోపమా, పోయినవాటి మీద బెంగా? మియో వెళ్లొచ్చాక వచ్చిన ప్రశ్న

తులూజ్_తెలుగు:
మొన్న శని, ఆదివారాలు దక్షిణ ఫ్రాన్స్‌లోని మియో వెళ్లొచ్చాం. ఇంట్లోవాళ్లు అక్కడి పెద్ద వంతెన చూద్దామన్నారు. నాకు మాత్రం 1999 ఆగస్టు 12న రైతులు విప్పి పారేసిన మెక్‌డొనాల్డ్స్ ఎక్కడుందో చూడాలని ఉండింది. ఆ సంగతి తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. హార్మోన్లు ఇచ్చి పెంచిన గొడ్డు మాంసం మాకొద్దని యూరప్ నిషేధం పెట్టింది. దానికి బదులుగా అమెరికా యూరప్ సరుకులు కొన్నిటి మీద 100 శాతం సుంకం వేసింది, అందులో మియో దగ్గర్లో తయారయ్యే రోక్‌ఫోర్ చీజ్ ఒకటి. ఆ చీజ్‌కి పాలు పోసే గొర్రెల రైతులకి కడుపు మండి, జోసె బోవే అనే రైతు నాయకుడు ముందు నడవగా, ఇంకా కడుతూ ఉన్న మెక్‌డొనాల్డ్స్ మీదకి ట్రాక్టర్లేసుకుని పిల్లాపాపలతో సహా వెళ్లి, పట్టపగలు తలుపులూ పైకప్పు పెంకులూ ఊడదీసి ట్రాలీలకెత్తి ప్రభుత్వ ఆఫీసు ముందు దింపి వచ్చారు. బోవేకి మూడు నెలల జైలు పడింది. ఆ హోటల్ మాత్రం తర్వాత తెరిచారు, ఇప్పటికీ నడుస్తోంది, నేను వెళ్లినప్పుడు బయట లైను ఉంది.

అక్కణ్ణుంచి రోక్‌ఫోర్ గుహలకి వెళ్లాం. కొండ చీలికల్లోంచి చల్లటి తేమగాలి లోపలికి వస్తూనే ఉంటుంది, ఓక్ చెక్కల మీద వరసగా చీజ్ దిమ్మలు, లోపల ఆకుపచ్చ నీలం బూజు గీతలు. వాసన మొదట ముక్కు మూసుకునేలా ఉంటుంది, పది నిమిషాలకి అలవాటైపోతుంది. 1411లో రాజు ఇచ్చిన హక్కుపత్రం ఆ చీజ్ మాగబెట్టే హక్కుని ఈ ఊరివాళ్లకే ఇచ్చింది, 1925లో వచ్చిన చట్టం ప్రకారం ఈ గుహల్లో మాగకపోతే ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

నా ప్రశ్న ఇది. బయటి దేశాల్లో అమెరికా అంటే ఉన్న ఈ మంట నిజంగా అమెరికా మీదేనా? లేక కొత్తది వచ్చి పాతదాన్ని తుడిచిపెట్టేస్తుంటే కలిగే బాధకి ఎదురుగా కనిపించిన జెండా అదొక్కటే కాబట్టి దాని మీదకి పోతోందా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. అలాగని ఆ బాధ ఉత్తిదని మాత్రం నేననను.

ఎకనామిక్స్_పంతులు:
మంచి ప్రశ్న బాబూ. కానీ ముందు ఒక చిక్కు విప్పాలి. ‘సృజనాత్మక విధ్వంసం’ అనే మాటని జనంలోకి తెచ్చింది ఆర్థికవేత్త షుంపీటర్, 1942లో. కొత్త సరుకు, కొత్త పద్ధతి, కొత్త సంత వచ్చి పాతవాటిని లోపల్నుంచే కూల్చేస్తాయి, పెట్టుబడిదారీ వ్యవస్థ అసలు స్వభావమే అది అన్నాడాయన. మరి మియోలో జరిగిందేమిటి? రోక్‌ఫోర్ రైతుని దెబ్బతీసింది బర్గరు కాదు, సుంకం. అంటే ఒక ప్రభుత్వం గేటు వేసేసింది. అది స్వేచ్ఛా వ్యాపారానికి పూర్తిగా వ్యతిరేకం. కోపం వచ్చింది వాషింగ్టన్ నిర్ణయం మీద, ఊడబీకింది హోటల్ తలుపులు.

ఇక ఆ హోటల్‌కి ఫ్రెంచివాళ్లని ఎవరూ మెడపట్టి ఈడ్చుకెళ్లలేదు. అమెరికా తర్వాత ఆ కంపెనీకి అతి పెద్ద మార్కెట్లలో ఫ్రాన్స్ ఒకటి. తినేది వాళ్లే, తిట్టేది వాళ్లే. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, జనం కాళ్లతో వేసే ఓటుని గౌరవించాలి. పాతది పోయిందని ఏడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ పాతదాన్ని ఆఖరిసారి ఎప్పుడు కొన్నారో గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

మగ్గంగుంట:
పంతులుగారూ, మీ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా, ఆ ఆఖరి వాక్యం నాకు గట్టిగా తగిలింది.

మాది చీరాల దగ్గర ఊరు. తాతది గుంట మగ్గం. నా చిన్నప్పుడు తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు, అంటే బట్టలో నిలువుగా ఉండే పోగులు, సాగదీసి గంజి పెట్టేవాళ్లు. ఎండ ముదరకముందే అయిపోవాలి, అందుకని మా ఇంటి పడుగుకి పక్కింటివాళ్లు, వాళ్ల పడుగుకి మావాళ్లు, పెద్ద కుంచెలు పట్టుకుని అటొకరు ఇటొకరు నడుస్తూ దువ్వేవాళ్లు. ఎవరికీ కూలి ఉండేది కాదు. ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరికి ఒంట్లో బాలేదు, అన్నీ ఆ గంటలోనే తెలిసేవి. గంజి పెట్టిన పడుగు మిల్లు నుంచి తయారుగా రావడం మొదలయ్యాక ఆ పని అక్కర్లేకపోయింది. కొన్నేళ్లకి మగ్గమే అక్కర్లేకపోయింది. మా వీధిలో ఇప్పుడు పొద్దున్నే ఎవరూ బయటికి రారు.

దీన్ని ఏ లెక్కలో వేస్తారు సార్? చీర చవకైంది, నిజం. కొన్నావిడకి లాభం, నిజం. ఆ పొద్దుటి గంటకి ఎవరూ ధర కట్టలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మలేదు. కాళ్లతో ఓటు వేసినవాళ్ల ముందు ఆ గంట ఎప్పుడూ పోటీకి నిలబడలేదు. వాళ్ల ముందున్నది రెండు చీరలూ రెండు రేట్లూ, అంతే.

ఇంకో మాట. మా ఇంట్లో ఎవరూ అమెరికాని తిట్టలేదు. మా మగ్గాన్ని పడగొట్టింది సిరిసిల్లలోనో సూరత్‌లోనో తిరిగే మరమగ్గం. అక్కడ తిప్పేదీ మనలాంటి సాలెవాళ్లే, వాళ్ల బతుకులూ అంతంతమాత్రమే. ఇక తిట్టడానికి ఎవరున్నారు? జెండా దొరకని కోపం ఎటూ పోదు, ఇంట్లోనే ఉండిపోతుంది. తాత ఆఖరి రోజుల్లో చాలా తక్కువ మాట్లాడాడు.

యంగ్స్‌టౌన్_టు_డాలస్:
మగ్గంగుంట అన్నా, చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయా.

నేను చదువుకోడానికి ముందు దిగింది ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో. మా ఇంటి ఓనరు పాత ఉక్కు కార్మికుడు. 1977 సెప్టెంబరు 19, సోమవారం, పొద్దున్నే పెద్ద స్టీల్ మిల్లు మూసేస్తున్నామని ప్రకటన వచ్చింది, ఒక్క దెబ్బకి దాదాపు 5,000 ఉద్యోగాలు. ఆ ఊళ్లో ఇప్పటికీ దాన్ని నల్ల సోమవారం అంటారు. కొలిమి వెలుగు రాత్రిపూట ఆకాశం మీద పడి ఎర్రగా ఉండేదట, ఆకాశం నల్లబడిన మొదటి రాత్రి నిద్రపట్టలేదని ఆయన నాతో మూడు నాలుగుసార్లు చెప్పాడు. అదీ అమెరికానే కదా? ఈ విధ్వంసం రుచి అమెరికాలోని చిన్న ఊళ్లూ చూశాయి.

వాళ్లేం చేశారో తెలుసా? జపాన్‌ని తిట్టారు. జపాన్ కారు కొంటే పక్కింటివాళ్లు పలకరించేవాళ్లు కాదట. 1982లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే యువకుణ్ణి కార్ల పరిశ్రమకి చెందిన ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. అతను జపాన్‌వాడు కూడా కాదు, చైనా మూలాలున్న అమెరికన్. పెళ్లికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఆ ఇద్దరిలో ఎవరూ ఆ హత్యకి జైలుశిక్ష అనుభవించలేదు. బాధ నిజమే, నేనొప్పుకుంటా. అయితే తప్పు అడ్రసుకి పోయిన బాధ మనుషుల్ని చంపుతుంది. మియోలో పెంకులతో ఆగింది కాబట్టి మనం ఇష్టంగా చెప్పుకుంటున్నాం.

సెకండ్‌షో_రాణి:
అందరూ బాధ, కోపం అని అక్కడే ఆగిపోయారు. కోపం వల్ల పనులూ జరిగాయి. ఫ్రాన్స్ సినిమా సంగతి చూడండి. యుద్ధం అయ్యాక అప్పుల్లో ఉన్న ఫ్రాన్స్ 1946లో అమెరికాతో బ్లమ్-బర్న్స్ ఒప్పందం చేసుకుంది, అప్పు తగ్గించడంతోపాటు అమెరికా సినిమాలకి తలుపులు తెరవడం అందులో ఒక షరతు. అక్కడి సినిమావాళ్లు వీధుల్లోకి వచ్చి గోల చేశారు. ఆ గోల ఫలితమే ఇప్పుడున్న ఏర్పాటు. హాల్లో తెగే ప్రతి టికెట్ మీదా దాదాపు 11 శాతం పన్ను, ఆ డబ్బు ఫ్రెంచి సినిమాలు తీయడానికి. హాలీవుడ్ సినిమా ఆడినా అందులోంచి వాటా వస్తుంది. తలుపు మూయలేదు, గుమ్మం దగ్గర హుండీ పెట్టారు! 1993లో ప్రపంచ వాణిజ్య చర్చల్లో సినిమాని మామూలు సరుకులా చూడ్డానికి వీల్లేదని పట్టుబట్టి నెగ్గారు. 2005లో యునెస్కోలో సాంస్కృతిక వైవిధ్య ఒప్పందానికి 148 దేశాలు ఓటేస్తే వద్దన్నవి రెండే, అమెరికా, ఇజ్రాయెల్.

మనకీ చేనేతకి 1985 నాటి రిజర్వేషన్ చట్టం ఉంది కదా, కొన్ని రకాల బట్ట మగ్గం మీదే నేయాలని. మొదట 22 రకాలు, తర్వాత 11కి కుదించారు. కాగితం మీద అది కూడా రక్షణే. ఫ్రాన్స్‌లో హుండీ నిండింది, మన దగ్గర చట్టం బీరువాలో ఉంది. మార్కెట్ ఇష్టం, జనం ఇష్టం అని ఊరుకోకుండా కాస్త పట్టుదల ఉంటే ఏమవుతుందో చూపించడానికే ఇంత రాశా.

ఎర్రచొక్కా:
ఒక అభ్యంతరం. అమెరికా మీద కోపమంతా పాత చీజ్ మీదా పాత చీరల మీదా బెంగే అని తేల్చేయకండి. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసద్దెగ్‌ని దింపింది ఎవరు? వియత్నాం? 2003లో ఇరాక్? అక్కడ పోయింది జున్నుముక్కలు కాదు, ప్రాణాలు. ఆ కోపానికి అడ్రసు సరిగ్గానే ఉంది. బర్గర్ల చర్చలో దాన్ని కలిపేస్తే అది కూడా మనోభావాల వ్యవహారంలా అయిపోతుంది.

తులూజ్_తెలుగు:
ఎర్రచొక్కా గారూ, ఒప్పుకుంటున్నా. నేను రాసిన తీరులో ఆ తేడా లేదు, అది నా తప్పే. సంస్కృతికి, బతుకుతెరువుకి సంబంధించిన కోపం గురించే నా ప్రశ్న.

ఇంకో రెండు సంగతులు మొదట రాయలేదు. బోవే చిన్నప్పుడు కొన్నేళ్లు కాలిఫోర్నియాలో బర్క్‌లీలో పెరిగాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. జైల్లో ఉన్నప్పుడు అతని బెయిలుకి అమెరికా రైతు సంఘాల నుంచి కూడా డబ్బు వచ్చింది. కాబట్టి రైతుల దగ్గర అది దేశాల గొడవగా లేదు, పేపర్లలో, టీవీల్లో అయింది.

రెండోది ఇంకా ముఖ్యం. రోక్‌ఫోర్‌లో అతి పెద్ద బ్రాండు ఇప్పుడు లాక్తాలిస్ అనే ఫ్రెంచి కంపెనీది. 2019లో ఆ కంపెనీయే అదే బ్రాండు పేరుతో పాశ్చరైజ్ చేసిన గొర్రెపాలతో ఇంకో నీలి చీజ్ తెచ్చింది, అట్ట చూస్తే దాదాపు రోక్‌ఫోర్‌లాగే ఉంటుంది. అసలు రోక్‌ఫోర్‌కి పచ్చిపాలే వాడాలి. రైతులు మళ్లీ గొడవ చేశారు. ఈసారి ఎదురుగా అమెరికా లేదు, సొంత దేశం కంపెనీ. బయటి ఊళ్లలో ఎవరికీ ఆ గొడవ తెలీదు, పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది మాత్రం అందరికీ తెలుసు.

రామచంద్రాపురం_సోడా:
కోకాకోలా సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 1977లో వాటా తగ్గించుకోమంటే వెళ్లిపోయింది. ప్రభుత్వం తెచ్చిన డబుల్ సెవెన్ కోలా నిలబడలేదు, థమ్సప్ నిలబడింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌నే కొనేసింది, ఈరోజుకీ ఆ పేరుతోనే అమ్ముతోంది, జనం వదల్లేదు కాబట్టి. మా ఊరి కూల్‌డ్రింకు ఆర్టోస్ డబుల్ సెవెన్, థమ్సప్‌ల కంటే ముందునుంచీ ఉంది, పెళ్లిళ్లలో ఇప్పటికీ అడిగి తాగుతాం. అన్నీ పోవండీ. ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి.

ఎకనామిక్స్_పంతులు:
మగ్గంగుంట గారూ, నిన్నటి నుంచి మీ మాట గురించే ఆలోచిస్తున్నాను. ఆ గంటని ఎవరూ అమ్మలేదు కాబట్టి దానికి ధర లేదన్నారు. నిజమే, మా శాస్త్రంలో దానికి గడి లేదు. నా ఆఖరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

మార్పునే ఆపాలంటే మాత్రం ఒప్పుకోను. పోచంపల్లి చీరకి ఆసు పోయడంలో, అంటే నేతకి ముందు మేకుల చుట్టూ నూలు తిప్పే పనిలో, వాళ్లమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పే పని పోయింది, చీర మిగిలింది. అదీ సృజనాత్మక విధ్వంసమే కదా! అక్కడ ఏది పోవాలో, ఏది ఉండాలో తేల్చింది ఆ ఇంటివాళ్లు.

మగ్గంగుంట:
మల్లేశం గారి యంత్రం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం సార్. ఆ నొప్పి ఉండాలని ఎవరూ కోరుకోరు. మా అమ్మ అచ్చు అతికేది, కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకి ఒక్కొక్కటీ మెలిపెట్టి కలపడం, వందలూ వేలూ ఉంటాయి, దానికే కళ్లు పాడయ్యాయి. ఆ పని మా చెల్లికి రాకపోవడమే మంచిదైంది. తేల్చింది ఇంటివాళ్లు అన్నారు చూడండి, నాక్కావలసిందీ అదే. మమ్మల్నెవరూ అడగలేదు.

తులూజ్_తెలుగు:
అన్నా, అమ్మగారికి ఆ పనుల పేర్లు, లెక్కలు గుర్తున్నాయా? ఇక్కడ గుహల్లో ఎవరు ఎప్పుడు ఏ పేరుతో ఏం చేసేవారో గోడల మీద రాసి పెట్టుకున్నారు. మీకు కుదిరితే ఫోన్లో రికార్డు చేయండి. టైపు చేయడం నేను చూసుకుంటా.

మగ్గంగుంట:
రాత్రి అడిగాను. ఎందుకురా ఇప్పుడు అంది ముందు. తర్వాత మంచం మీద కూర్చుని, లేని నాడెని (పోగుల మధ్య అటూ ఇటూ విసిరే చెక్క సాధనం) ఈ చేతిలోంచి ఆ చేతిలోకి విసురుతూ, కండెలకి నూలు చుట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నలభై నిమిషాలు వచ్చింది. గంజి కాచడం దగ్గర ఆగాం, మిగతాది రేపు చెప్తానంది. ఫైలు పంపిస్తున్నా తమ్ముడూ.