ఇంప్రూవ్డ్ సాంబ మసూరి జన్యుమార్పిడి విత్తనమా?

సాగర్‌ఎడమకాలువ:
మాది మిర్యాలగూడ దగ్గర. వానాకాలం బీపీటీ 5204, అదే సాంబ మసూరి వరి, తప్ప ఇంకోటి వెయ్యం. పోయినేడు పొట్ట దశల గాలివాన కొట్టినంక ఆకులు కొసల నుంచి అంచుల పొంటి ఎండుకుంట కిందికి దిగినయి. మందు కొట్టినా ఆగలే. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఏస్తే ఈ తెగులు బాధ ఉండదంటున్నరు. విత్తనాల దుకాణంల అడిగితే, అది బీటీ పత్తి లెక్క జీన్ ఎక్కించిన విత్తనం, మళ్లా దాచుకోరాదు అన్నరు. నిజమేనా? అన్నం మారతదా?

కంకిపాడు_రైతు:
అన్నా, ముందు తెగులేదో తేల్చుకో. ఎండు, పచ్చ కలిసే చోట ఆకుముక్క కోసి గాజుగ్లాసులో శుభ్రమైన నీళ్లల్లో నిలబెట్టు. కోసిన చోటు నుంచి తెల్లగా మబ్బులాగా దిగితే బ్యాక్టీరియా ఎండాకు తెగులే. దానికి పైన కొట్టి నయం చేసే మందు లేదు. కనపడగానే యూరియా ఆపు, ఆ మడి నీళ్లు పక్క మడిలోకి పోనివ్వకు.

వరిసంకరం:
జన్యుమార్పిడి కాదు తమ్ముడూ. నేను రాజేంద్రనగర్ వరి మళ్లలో సంకరం పని చేసినవాణ్ణి, కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా. హైదరాబాద్‌లో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి తయారుచేసిన రకం ఇది. 2008లో వచ్చింది. ఆర్‌పీ బయో 226 అన్నా ఇదే.

సంకరం అంటే చేతిపని. పూత విచ్చుకోకముందే ఒక్కో గింజ కొస కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులూ తీసేయాలి. కంకికి కాగితం సంచి తొడగాలి. తర్వాత రెండో రకం కంకి తెచ్చి పుప్పొడి దులపాలి. తెగులు తట్టుకునే మూడు జన్యువులున్న ఒక వరితో బీపీటీని ఇలా కలిపి, వచ్చిన మొక్కల్ని నాలుగు తరాలు మళ్లీ మళ్లీ బీపీటీతోనే కలిపారు. కలిపిన ప్రతిసారీ బయటి వాటా సగమవుతుంది. లెక్క ప్రకారం చివరికి నూటికి మూడు పాళ్లే మిగులుతుంది. అందుకే గింజ సన్నం, అన్నం రుచి బీపీటీవే.

మరి ల్యాబు ఎందుకంటే, ఆ మూడింటిలో రెండు జన్యువులు తల్లి నుంచీ తండ్రి నుంచీ జంటగా వస్తేనే పూర్తిగా పనిచేస్తాయి. ఒంటిగా ఉన్నప్పుడు మొక్కను చూసి కనిపెట్టలేం. చిన్న ఆకుముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేసి, జన్యువులున్న మొక్కల్నే తర్వాతి సంకరానికి ఉంచుకుంటారు. అంతే, బయటి నుంచి ఎక్కించింది ఏమీ లేదు.

అసలు పరీక్ష మళ్లోనే. బ్యాక్టీరియా కలిపిన నీళ్లల్లో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తాం. రెండు వారాలకు స్కేలు పెట్టి మచ్చ కొలుస్తాం. బీపీటీ వరసలో మచ్చ ఆకంతా పాకుతుంది, దీనిలో కోసిన దగ్గరే ఆగిపోతుంది. ఆ రెండు వరసలు పక్కపక్కన చూసినవాళ్లెవరూ ఈ విత్తనాన్ని అనుమానించరు.

హైబ్రిడ్ కూడా కాదు. కల్తీ మొక్కలు ఏరేసి నీ విత్తనం నువ్వే దాచుకో.

సాగర్‌ఎడమకాలువ:
శానా సంతోషమన్నా. మరి అగ్గితెగులుకు, సుడిదోమకు గూడ ఆగుతదా?

వరిసంకరం:
ఆగదు. ఆ మూడు జన్యువులూ ఎండాకు తెగులు కోసమే. అగ్గితెగులుకి విత్తనశుద్ధి, దోమకి మళ్లో గాలి ఆడేలా వదిలే కాలిబాటలు, ఇవి ఎప్పటిలాగే చూసుకోవాలి. తెగులు రాదులే అని యూరియా ఎక్కువ దంచితే దోమ ముందే దిగుతుంది. మొదటేడు ఒక్క ఎకరం వెయ్యి, మిగతాది నీ బీపీటీనే ఉంచు. కోత మాత్రం ఒకేసారి పెట్టుకోకు, ఇది కొన్ని రోజులు ముందే చేతికొస్తుంది.