‘కని కల్ల నిజము’లో ‘కని’కి పనేమిటి?

నల్లకుంట పాఠకురాలు:
దూరదర్శన్‌లో 1993లో వచ్చిన డిటెక్టివు సీరియల్ ‘బ్యోమకేశ్ బక్షీ’ మొదటి భాగం ‘సత్యాన్వేషి’ నిన్న రాత్రి మళ్ళీ చూశాను. దోషి ఎవరో ముందే తెలుసు కనుక ఈసారి కళ్ళన్నీ అనుకూల్‌బాబు మీదే. మర్యాదస్తుడైన హోమియోపతి డాక్టరు. ఆయన ఉండే మెస్సులో (అద్దె గదుల బసలో) అందరికీ ఆయన మీద గురి. అతుల్ అనే మారుపేరుతో దిగిన బ్యోమకేశ్ మాత్రం అందరి మాటా వింటాడు, తొందరపడడు. చూస్తూండగానే నోటికి సుమతీ శతకం పద్యం వచ్చింది: ‘వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక...’ ఆ తరువాత ‘విచారింపదగున్’ అని నేను, ‘వివరింపదగున్’ అని మా అక్క. విచారణే కదండీ డిటెక్టివు పని? నాదే సరైనదనిపిస్తోంది.

ప్రాసయతి:
మీ అక్కగారిదే సరి. కందం రెండో పాదంలో నాలుగో గణం మొదట యతి (పాదం మొదటి అక్షరానికి జోడీ) పడాలి: వినినం–వివరిం. ‘విచారిం’లోనూ ‘వి’ ఉంది కానీ, ఐదు మాత్రలు. గణానికి నాలుగే. కందం చెప్పినవాడే కవి అని ఊరికే అన్నారా!

నల్లకుంట పాఠకురాలు:
లెక్క ఒప్పుకుంటున్నాను. అర్థం మాటేమిటి? విన్నదాన్ని ఎవరికి వివరించాలి?

తెలుగు మాస్టారు:
ఎవరికీ అక్కరలేదమ్మా. ‘వృ’ ధాతువుకు కప్పడమని అర్థం. ఆవరించు, ఆవరణ అందులోంచి వచ్చినవే. ముందు ‘వి’ చేరితే కప్పు తీయడం. సంస్కృతంలో ‘వివరం’ అంటే రంధ్రం కూడా. విన్న మాట మీది మూత తీసి లోపల ఏముందో చూడమంటున్నాడు బద్దెన. మీ డిటెక్టివు చేసే పని అదే.

ప్రాసయతి:
మాస్టారూ, ధాతువు దాకా వెళ్ళనక్కరలేదు. విడమరచి చూసుకోవడమని తెలుగులోనే సరిపోతుంది. నన్ను ఏళ్ళుగా వేధిస్తున్నది మూడో పాదం. ‘కని కల్ల నిజము దెలిసిన’ అన్నచోట ‘కని’కి పనేమిటి? విన, విని, మను అని ప్రాసలో (పాదాల రెండో అక్షరంలో) నకారం నడుస్తోంది, దానికోసం తెచ్చి పెట్టిన మాట. తీసేసి చదవండి: కల్ల నిజము తెలిసిన మనుజుడె నీతిపరుడు. ఏం లోటు?

తెలుగు మాస్టారు:
చాలా లోటు. మొదటి రెండు పాదాలూ చెవి పని. కన్ను ఈ ఒక్క మాటలోనే తెరుచుకుంటుంది. అది తీసేస్తే పద్యం గుడ్డిదవుతుంది.

ఆబిడ్స్ ఆదివారం:
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్న పాత శతకం నా దగ్గర ఉంది. ఏ విద్యార్థిదో, ‘కని’కీ ‘కల్ల’కీ మధ్య పెన్సిలుతో నిలువు గీత. అంచున ముందు ‘తెలిసికొని’ అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద ‘చూచి’ అని దిద్దుకున్నారు. ఆ దిద్దుబాటు నాకు చాలా ఇష్టం. ‘కని’ అంటే తెలిసికొని అయితే పక్కనే ‘తెలిసిన’ మళ్ళీ ఎందుకు?

ప్రాసయతి:
ఆ గీత గీసినవారికి నమస్కారం. అయినా ఒప్పుకోను. ‘కనుగొని’ అనుకుంటే? కనుగొనడం వేరు, తెలియడం వేరు. పైగా చూడటం ఒక్కటే చాలుతుందా? బ్యోమకేశ్ మిత్రుడు అజిత్ (ఆ పాత్రలో కె.కె. రైనా) అదే మెస్సులో ఉంటూ ఆ డాక్టరును రోజూ చూశాడు. కన్నాడు, కల్ల తెలియలేదు.

నల్లకుంట పాఠకురాలు:
అజిత్ ఊసెత్తి మంచి పని చేశారు! ‘అన్వేషి’లో ఉన్నది కూడా మీరనే కనుగొనడమే కదా. శరదిందు బందోపాధ్యాయ మూలకథ చివర బ్యోమకేశ్ తనకు ‘డిటెక్టివ్’ మాట నచ్చదంటాడు, బెంగాలీలో అదే అర్థమున్న ‘గోయెందా’ ఇంకా నచ్చదంటాడు. తలుపు మీది పలకలో పేరు పక్కన సత్యాన్వేషి అనే ఉంటుంది. మనం అపరాధ పరిశోధకుడు అంటాం. ఆ మాట నేరంతో మొదలవుతుంది. ఆయన మాట సత్యంతో మొదలవుతుంది. తెలుగులోనూ సత్యాన్వేషి అనే వాడుకోవాలని నా కోరిక.

తెలుగు మాస్టారు:
సత్యాన్వేషి అనగానే మనకు తత్త్వవేత్త గుర్తుకొస్తాడు, అదే చిక్కు. సరే, కల్ల నిజము అన్నాక వేమన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. ‘కల్లనిజములెల్ల గరళకంఠుడెరుగు, నీరు పల్లమెరుగు నిజముగాను.’ నీటికి పల్లం ఎవరూ చూపించనక్కరలేదు! రెండే రెండు మాటల్లో అంత దూరం వెళ్ళగలవాడు ఇంకెవరున్నారు? మనుషుల అబద్ధాలను శివుడికి వదిలేశాడు వేమన. సుమతీ పద్యమేమో అది మనుజుడి పనే అంటుంది. ఈ తేడా గురించి ఒక పూట మాట్లాడవచ్చు.

ఆబిడ్స్ ఆదివారం:
మాస్టారూ, ఒక్క నిమిషం. బ్యోమకేశ్ అంటే మన వ్యోమకేశుడే. ‘వ్యోమకేశో భవో భీమః’ అని అమరకోశంలో శివుడి పేర్లలో ఉంది. అంటే ఆ గరళకంఠుడే మెస్సులో గది తీసుకున్నాడు!

తెలుగు మాస్టారు:
నలభై ఏళ్ళుగా రెండూ చెబుతున్నాను, ఇది తట్టలేదు. ఒళ్ళు పులకరించింది.

ప్రాసయతి:
నాకూ నచ్చింది. కానీ ‘కని’ ప్రాస కోసమే.

నల్లకుంట పాఠకురాలు:
మా అక్క ఇదంతా చదివి, ‘వివరింప’ అంటే మూత తీయడమా, విడమరచడమా తేల్చమంటోంది. ఈ రాత్రి ఇద్దరం కలిసి రెండో భాగం చూస్తున్నాం.