కొండ ఫీడరు ట్రిప్పయితే లోడంతా పక్క సబ్‌స్టేషనుకి మార్చెయ్యమంటోంది స్కాడా (లైన్లని దూరం నుంచి చూసి నడిపే కంప్యూటరు). ఒప్పుకోవచ్చా?

గుణుపురం_ఫీడర్:
గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండ లైన్లు తెలిసినవాళ్ళు చెప్పండి. ఏ, బీ అని రెండు 11 కేవీ ఫీడర్లు, వేర్వేరు 33/11 సబ్‌స్టేషన్లవి, చివర టై (రెంటినీ కలిపే, మామూలుగా తెరిచి ఉండే స్విచ్) దగ్గర కలుస్తాయి. ‘ఏ’ ఫీడరు మొదట్లోనే ఫాల్టు. ఆ ముక్క విడదీస్తే మిగిలిన మంచి లైను మీద సాయంత్రం 70 ఆంపియర్ల లోడు. బీ మీద ఇప్పుడు 110, దాని ఓవర్ కరెంట్ రిలే పికప్ (దాటితే లైను కొట్టేసే హద్దు) 200. బీ సబ్‌స్టేషనులోని 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద మొత్తం 165. 110కి 70 కలిపితే 180 కాబట్టి సరిపోతుందని స్క్రీను లెక్క.

లైన్‌క్లియర్:
సరిపోదండి. గంటసేపు కరెంటు పోయి వస్తే ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ ఒక్కసారే లాగుతాయి. ఒకటిన్నర రెట్లు పట్టుకోండి. 70 కాస్తా 105. బీ మీద 215 అవుతుంది, రిలే కొట్టేస్తుంది, బాగున్న ఫీడరు కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు సంగతీ అంతే: 5 ఎంవీఏకి 11 కేవీ వైపు ఫుల్ లోడు 262, మీకు వచ్చేది 165కి 105 కలిపి 270. ముందు 40 ఆంపియర్ల ముక్క ఇవ్వండి, అరగంట ఆగి 30 ఇవ్వండి. అప్పుడు బీ మీద మొదట 170 (40 ఒకటిన్నర రెట్లకి 60), తర్వాత 195 (ఆ 60 దిగి 40, కొత్త 30కి 45).

రాయగడ_రిలే:
195కీ 200కీ మధ్య 5 ఆంపియర్లు ఒక మార్జినా? సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మరు) తప్పుకే సరిపోతుంది. అదీకాక వోల్టేజి ఎవరూ అడగలేదు. టై దగ్గర బీ వైపు ఎంతుంది, కండక్టరేమిటి, దూరమెంత?

గుణుపురం_ఫీడర్:
10.4 కేవీ. రాబిట్ రకం తీగ, 6 కిలోమీటర్లు.

రాయగడ_రిలే:
అయితే తేలిపోయింది. రాబిట్ మీద 0.9 పవర్ ఫ్యాక్టరుకి ఆంపియరు-కిలోమీటరుకు రమారమి 1.1 వోల్టు పడిపోతుంది. 70 × 6 × 1.1 అంటే 462 వోల్టులు, టై దగ్గర 9.94 కేవీ. 11 కేవీకి కింది హద్దు మైనస్ 9 శాతం, అంటే 10.01. టై దాటాక ‘ఏ’ లైనులో పడేది వేరే. 40 మాత్రమే ఇస్తే 10.14 దగ్గర నిలబడుతుంది, మొదటి అరగంట ఆ ఒకటిన్నర రెట్ల లాగుడుకి హద్దు మీదే ఊగుతుంది. కాబట్టి రెండో ముక్క రాత్రి బీ లోడు దిగాకే.

స్కాడాకి నియమాలు రాసేటప్పుడు కరెంటు, వోల్టేజి, రిలే పికప్, ట్రాన్స్‌ఫార్మరు నాలుగు పరీక్షల్లోనూ నెగ్గని దారిని స్క్రీను మీద చూపించనే కూడదు. నెగ్గినవాటికే ర్యాంకు. ఆసుపత్రి, మంచినీళ్ళ పంప్‌హౌసు, వినియోగదారుల సంఖ్య అప్పుడు చూసుకోవచ్చు. జతలు జతలుగా పోల్చి వెయిటేజి కట్టే పద్ధతి వాడితే కన్సిస్టెన్సీ రేషియో (పోలికలు ఒకదానితో ఒకటి పొసగనితనాన్ని చెప్పే అంకె) 0.10 లోపు ఉందో లేదో చూడండి. అన్నీ కలిపి ఒకే మార్కు వేశారంటే ఆసుపత్రికి వచ్చిన మార్కులు వోల్టేజి లోటుని కప్పేస్తాయి.

లైన్‌క్లియర్:
ఒప్పుకున్నాను, వోల్టేజి నేను చూడలేదు. ఇంకోటి, స్క్రీను మీద బొమ్మ నిజమైనదేనా అన్నది. స్తంభం మీద చేత్తో తిప్పే ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌కి సిగ్నల్ ఉండదు. ఎవరో మూసి, చెప్పడం మరిచిపోతే స్కాడాలో అది ఓపెనే. కొండ మలుపుల్లో మొబైల్ సిగ్నల్ పోతే ఎఫ్ఆర్‌టీయూ (లైను మీది రీడింగులు స్కాడాకి పంపే పెట్టె) పాత రీడింగే నిలిచిపోతుంది, కాబట్టి ప్రతి విలువ పక్కనా అది ఎన్ని నిమిషాల కిందటిదో కనబడాలి. స్మార్ట్ మీటర్లవి 15, 30 నిమిషాల బ్లాకులు. రేపటి లోడు అంచనాకి బంగారం, ఇప్పుడు స్విచ్ వెయ్యడానికి పనికిరావు.

టై మూసేముందు ‘ఏ’ ఫీడరు వైపు స్విచ్ తెరిచే ఉందని మనిషి చూసి చెప్పాలి. రెండు సబ్‌స్టేషన్లని ఒక్క క్షణం కూడా ప్యారలల్ చెయ్యొద్దు. ఆ లైను మీద ఎల్సీ (లైన్ క్లియర్, పనికి అనుమతి) తీసుకున్నవాళ్ళుంటే సాఫ్ట్‌వేరు సలహాయే ఇవ్వకుండా తాళం పడాలి.

గుణుపురం_ఫీడర్:
తుపానుకి జంపర్లు మళ్ళీ కట్టిన చోట ఫేజ్ సీక్వెన్స్ (మూడు ఫేజుల వరస) కూడా ఈ జాబితాలోకేనా?

రాయగడ_రిలే:
అదీ ముందే. టై దగ్గర రెండు వైపులా చూడకుండా ఇస్తే పంప్‌హౌసు మోటారు తిరగబడి తిరుగుతుంది.