అప్‌డేట్: మా చర్చి సాయంత్రం సభలు మొదలయ్యాయి

నాయకత్వం, సామాజిక సమస్యల మీద చర్చి తరఫున నెలకో సభ పెడితే అది ఆదివారం ప్రసంగంలా మారకుండా, ఊరంతా వచ్చేలా ఎలా చేయాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మందిరం లోపల కాదు, బయట పెట్టమని మీరన్నారు. అలాగే వేపచెట్టు కింద చాపలు వేశాం. ఇప్పటికి మూడు సభలయ్యాయి.

మొదటిది 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారి గురించి. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. వచ్చింది మావాళ్లే, బాగానే జరిగింది.

రెండోసారి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, అంటే ఎస్సీ హోదా ఎవరికి వర్తిస్తుందో చెప్పే ఉత్తర్వు గురించి. ఎస్సీ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చి, దళిత క్రైస్తవులకు ఎందుకివ్వలేదని మాటలు వేడెక్కాయి. పాస్టరుగారు కంగారుపడ్డారు గానీ ఆపలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

మూడోది పంచాయతీల్లో మహిళల గురించి. రిటైరైన పంచాయతీ కార్యదర్శి ఒకాయన, పంచాయతీల్లో మహిళలకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ గురించి చెబుతుంటే, చివర్లో కూర్చున్న వార్డు మెంబరు లేచింది. మా చర్చి మనిషి కాదు. కొంగు చేతికి చుట్టుకుంటూ, "తీర్మానాల పుస్తకం ఇంటికి పంపుతారండీ, సంతకం చేసి పంపేస్తాను. అందులో ఏముందో అడగొచ్చా?" అంది. ఆయన తన మాట పక్కనబెట్టి, ఆమె పక్కన చాప మీద కూర్చుని, తీర్మానం ఎలా చదవాలో చూపించారు. అరగంట ఎవరూ కదల్లేదు.

మొన్నటి గ్రామసభకు ఆమె స్వయంగా వెళ్లింది. వచ్చే నెల సభకు విషయం ఆమే చెప్పింది: మా కాలనీ తాగునీరు.